శబ్దం ఎవరూ అడగలేదు

ఆమె పోయిన వార్త నాకు ఫోన్లో వచ్చింది. మా రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపులో ఎవరో ఆమె పాత గుర్తింపు కార్డు ఫొటో పెట్టి, "క్రమశిక్షణ గల సోదరి ఇక లేరు" అని రాశారు. దాని కింద వరసగా దండాలు, పూలు, దీపాలు. దండాలు పెట్టినవాళ్లలో ఒకాయన పేరు చూసేసరికి నాకు అన్నం సయించలేదు. ఆమె అబద్ధాలకోరని కాగితం మీద రాసి, రైల్వే గేటు డ్యూటీ నుంచి పీకి, ఊరుకాని ఊళ్లో ప్లాట్‌ఫారం ఊడ్చే పనికి తోలిన పెద్దమనిషి ఆయనే. ఆమె క్రమశిక్షణ ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది.

ఫోను మంచం మీదికి విసిరికొట్టాను. ఏమైందని అడిగిన పాపానికి మా ఆవిడ మీద కూడా అరిచాను. నాకు కోపం ఎక్కువని నన్నెరిగిన వాళ్లంతా అంటారు. ఒప్పుకుంటాను. అయితే ఈ కోపంలో సగమే ఆ పెద్దమనిషి మీద. మిగతా సగం ఎవరి మీదో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

గిద్దలూరు దాటాక లైను నల్లమల వైపు ఎక్కడం మొదలుపెట్టే చోట ఒక చిన్న స్టేషను. రాష్ట్రం విడిపోయిన తొలి ఏళ్లలో నేను అక్కడ స్టేషన్ మాస్టర్‌ని. పేపరు తీస్తే కొత్త రాజధాని బొమ్మలు, గాజు మేడలు, కాలువలు, వాటిలో పడవలు. మా స్టేషనుకు మాత్రం తాగే నీళ్లు ట్యాంకరులో రావాలి. స్టేషనుకు మైలు దూరంలో మట్టిరోడ్డు పట్టాలు దాటే చోట ఆమె గేటు. పట్టాల మీద కూలిపని చేసే మొగుడు డ్యూటీలో పోతే ఆమెకు ఆ ఉద్యోగం ఇచ్చారు. పుట్టిల్లు కొనకనమిట్ల దిక్కు, గొర్రెలు కాచుకునే ఇల్లు. పేరు రాయను. అందరూ గేటక్క అనేవారు, నేనూ అక్కా అనేవాణ్ణి.

మొదటిరోజు చూసిపోదామని గేటు దగ్గరికి నడిచి వెళ్లాను. ఎర్రజెండా, పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకుని, గడప మీద కూర్చుని జొన్నరొట్టె, ఎర్రగడ్డ నంజుకుని తింటోంది. నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"నిన్ను ఎవురు వదిలిచ్చుకున్నారు తమ్ముడా?" అంది.

ఒళ్లు మండింది. ఎందుకంటే అది నిజం. పాత చోట పైవాడితో గొడవ పెట్టుకుంటేనే నన్ను ఎత్తి అక్కడ పడేశారు. "ఎవరూ వదిలించుకోలేదు, డ్యూటీ మీద వచ్చాను" అన్నాను గట్టిగా. "అట్లనే అంటార్లే" అని, రొట్టెలో సగం విరిచి నా చేతిలో పెట్టింది.

అది ఆమె అందరినీ, అన్నిటినీ అడిగే ప్రశ్న. పెద్ద స్టేషను నుంచి మాకు కాలు విరిగిన బీరువా ఒకటి పంపితే దాని చుట్టూ తిరిగి అదే అడిగింది. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరును చూసి, ఆయన వినకుండా నన్ను అదే అడిగింది. సంతలో గొర్రెను కొనేటప్పుడు ముందు పళ్లు చూడాలట, తర్వాత కళ్ల కింద చూడాలట, ఆ తర్వాత అమ్మేవాడి ముఖం చూడాలట. "బాగుండే జీవాన్ని ఎవురైనా ఊరికే తోలతారా?" అనేది.

ఆ లెక్కన మా లైనులో ఆమెకు చేతినిండా పని. దేశంలో ఎక్కడ కరెంటు తీగలు లాగితే అక్కడ పనిలేకుండా పోయిన డీజిల్ ఇంజన్లు మా దిక్కు వచ్చేవి. ఎడారి ఇసుకలో తిరిగి తిరిగి గొంతు పాడైనవి, బొగ్గు గనుల దగ్గర చాకిరీ చేసి నడుము పోయినవి, సముద్రం ఒడ్డున తుప్పు పట్టినవి. పక్కన రాసిన పాత షెడ్డు పేరు మీద ఒక చేయి రంగు కొట్టి, మా లైనుకు ఇంజన్లు పంపే షెడ్డు పేరు రాసేవారు. ఒక్క ఎండాకాలం గడిస్తే రంగు పెచ్చులు లేచి కింది పేరు మళ్లీ కనపడేది. పైఆఫీసు కాగితాల్లో దీన్ని అదనపు కేటాయింపు అన్నారు. మాకేదో పండుగ బట్టలు పెట్టినట్టు. వాళ్లు వాడి పారేయాల్సిన దాన్ని మా చేతిలో పెట్టి, మా చేత దండాలు పెట్టించుకున్నారు. ఈ మాట అప్పుడు గట్టిగా అనాల్సింది. ఇప్పుడు పింఛను తీసుకుంటూ అంటున్నాను.

కొత్త ఇంజను మీద రంగు లేచిన రోజు ఆమె నాకు ఫోన్ చేసి, "కింద ఏ ఊరి పేరు ఉండాదో చదివి చెప్పు" అనేది. చెప్పేవాణ్ణి. గొర్రెల మందల్లో ఎవరి జీవం ఏదో తెలియడానికి చెవికి కోత పెడతారు కదా, ఒక్కో ఇంటికి ఒక్కో రకం కోత. గేటు గది గోడ మీద బొగ్గుతో ఒక్కో ఇంజనుకూ ఒక చెవి గీసి, కోత పెట్టి ఉంచింది. పేర్లు కూడా పెట్టింది. ఎడారిది, దగ్గుది, కుంటిది. ఏది వస్తోందో రెండు మైళ్ల దూరం నుంచే చెప్పేది.

రైలు వదిలే ముందు నేను ఫోన్ చేసి గేటు వేయమనాలి. ఆమె గేటు వేసి, తాళం తిప్పి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక అంకె చెప్పాలి. ఆ అంకె నా పుస్తకంలో ఎక్కితేనే రైలు కదలాలి. రూలు ప్రకారం అంతకుమించి మాట అక్కర్లేదు. ఆమె అంకె చెప్పి ఊరుకునే రకం కాదు.

"గేటు పడింది. నంబరు ముప్పై నాలుగు. తమ్ముడా, పొద్దున పోయిన కుంటిది ఎడం పక్క నూనె కారతాంది, చూస్కోమను."

నేను ఆ మాట చేరవేస్తే డ్రైవర్లు మొదట నవ్వారు. తర్వాతి స్టేషన్లో దిగి చూసి నవ్వడం మానేశారు. కొన్నాళ్లకు గేటు దాటేటప్పుడు తల బయటపెట్టి ఆమె ముఖం చూసుకుని పోయేవారు. ఆమె మాత్రం పచ్చజెండా నిటారుగా పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడేది. కళ్లు తెరిచి చూడాలని రూలు ఉంది కదక్కా అని ఒకసారి అన్నాను.

"చూసేదానికేముంది? రంగు కొట్టినాక అన్నీ ఒకటే" అంది.

మూసిన గేటు దగ్గర హారన్ కొట్టే జీపులవాళ్లతో ఆమె మాట్లాడే తీరు వేరు. "తొందరుంటే దిగి నడిచిపో నాయనా, నిన్నెవురు పట్టుకున్నారు" అనేది. నాయకుడి కారైనా అదే మాట. మోటరు సైకిళ్లను వెనక్కి జరపడానికి, మందను మళ్లించేటప్పుడు చేసినట్టు నాలుకతో టకటక శబ్దం చేసేది. వాళ్లు నిజంగానే జరిగేవాళ్లు.

ఆ ఎండాకాలం కొత్తగా ఒకటి వచ్చింది. దానికి ఆమె పెట్టిన పేరు ఉమ్మేది. బరువు లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు దాని పొగగొట్టంలోంచి కాలే మసి ముక్కలు ఎగిరి పట్టాల పక్క పడేవి. "దీని గొంతులో ఈల ఉండాది తమ్ముడా. ఈల లేసిందంటే ఉమ్మతాది. బీడంతా ఎండి ఉండాది, పైఆఫీసుకు రాసి పంపు" అంది.

ఆమె తమ్ముడు ఆ బీడులోనే మంద దింపి ఉన్నాడు. గేటు దగ్గర నీళ్ల తొట్టి ఉంది, అక్క ఉంది, అందుకని ప్రతి ఎండాకాలం అక్కడికే వచ్చేవాడు. పొద్దున్నే తల్లి గొర్రెలను మేపుకు తోలుకుపోయేటప్పుడు, నడవలేని గొర్రెపిల్లలను పెద్ద గంపల కింద కప్పి పోతారు. గద్దలు, కుక్కలు ముట్టకుండా గంపల మీద రాయి పెడతారు. మధ్యాహ్నం తల్లులు వచ్చేదాకా పిల్లలు ఆ గంపల కిందే ఉంటాయి. గేటు గది నీడ పట్టాల పక్క పడుతుంది. ఆమె మాత్రం ఉమ్మేది వచ్చినప్పటి నుంచి గంపలను నీడలో పెట్టనివ్వలేదు. దూరంగా ఎండలోనే పెట్టించి, పైన తడిగోనెలు కప్పించింది.

నేను పైకి రాశాను. షెడ్డువాళ్లు ఏ ఇంజనో నంబరు పంపమన్నారు. ఈల వేసేది అని రాస్తే నవ్వుతారు కదా. గేటుకు పోయి ఆమె మీద విసుక్కున్నాను. "నీ పేర్లు ఆఫీసులో నడవవు అక్కా. శబ్దానికి సాక్ష్యం ఉండదు. ఈసారి వస్తే కళ్లు తెరిచి ముందు రాసి ఉన్న నంబరు చూసి చెప్పు."

ఆమె ఇష్టం లేకుండానే ఒప్పుకుంది. రెండు రోజుల తర్వాత ఎదురుగా వస్తున్న ఇంజను ముఖం మీద నంబరు చూసి, అంకె అంకె పలికి ఫోన్లో చెప్పింది. నేను పంపాను. వారానికి షెడ్డు నుంచి ఫోను వచ్చింది. ఆ నంబరు ఇంజను షెడ్డులోనే ఉందని, చక్రాలు కూడా ఊడదీసి ఉందని చెప్పారు.

ఎప్పటి నుంచి ఉంది అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ లేదు. అడగలేదు. నా ఉత్తరానికి షెడ్డు కదిలిందని మురిసిపోయి వెంటనే గేటుకు ఫోన్ చేశాను.

"అక్కా, నీ ఉమ్మేదాన్ని షెడ్డులో కట్టేశారు. చక్రాలు పీకేశారంట. ఇంక నిశ్చింతగా ఉండు."

"నిజంగానా?"

"నేను చెబుతున్నాను కదక్కా."

మర్నాడు ఆమె తమ్ముడికి చెప్పి గంపలను గేటు గది నీడలోకి తెప్పించింది. పాపం పిల్లలు పది రోజులుగా ఎండలో మాడుతున్నాయని.

పదకొండు గంటలప్పుడు సిమెంటు గూడ్సు వదిలాను. గేటు వేసి అంకె చెప్పింది. రెండు నిమిషాలకు మళ్లీ ఫోను మోగింది.

"తమ్ముడా, ఈల వస్తాంది. అది షెడ్డులో ఉండాదంటివే."

"అది కాదక్కా, వేరేది."

"నాకు తెలీదా? అదే." అప్పటికే ఫోన్లో రైలు చప్పుడు నాకూ వినపడుతోంది. గది వెనక నీడలో, పట్టాల పక్కనే గంపలున్నాయి. రైలు దాటేదాకా ఆమె గది ముందు జెండాతో నిలబడాలి. నిలబడింది. గూడ్సు మొత్తం దాటేదాకా పచ్చజెండా దించలేదని గార్డు తర్వాత నాకు చెప్పాడు. చివరి డబ్బా పోగానే మళ్లీ ఫోన్ ఎత్తింది. "గేటు వేసే ఉండాది. తీయను. నేను పోతాండా" అంది. ఫోను పెట్టేయకుండానే పోయింది, నాకు మంట పటపటలు వినపడుతున్నాయి.

నేను సైకిలు మీద వెళ్లేసరికి గడ్డి కాలిపోయింది. నాలుగు గంపలు ఎత్తి పిల్లలను బయటికి తోసింది. మిగతా గంపలు అందలేదు. వాటి మీద బరువు రాళ్లు అలాగే ఉన్నాయి. ఆమె రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. గేటు మాత్రం వేసే ఉంది. అవతల జీపువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

విచారణకు వచ్చింది ఆ దండాల పెద్దమనిషే. గేటు గదిలో టీ కాచుకునే కిరసనాయిలు స్టవ్వు చూశాడు. షెడ్డు కాగితం బల్ల మీద పెట్టాడు. ఆమె చెప్పిన నంబరు ఇంజను ఆ రోజు లైను మీదే లేదు, నెల రోజులుగా షెడ్డు దాటలేదు. కాబట్టి ముందు రాసిన ఫిర్యాదూ అబద్ధమే, ఇంజను నిప్పు వేసిందన్నదీ అబద్ధమే. స్టవ్వు మంటను దాచడానికి అల్లిన కథ. అంతే, తేలిపోయింది ఆయనకు. గేటు దాటి పది అడుగులు నడిచి పట్టాల పక్క పడిన మసి ముక్కలు చూడడానికి ఆయన బూట్లు ఒప్పుకోలేదు.

ఆమె కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పింది. "నంబరు మీరు అడిగితే చెప్పినా సార్. శబ్దం నేను విన్నా. శబ్దం ఎవరూ అడగలేదు."

తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు తమ్ముడా" అంది.

ఇక్కడ నేను ఆగి నీళ్లు తాగి వచ్చాను. మొన్నటి దాకా ఎవరికీ చెప్పని మాట ఇది.

విచారణకు రెండు రోజుల ముందు అదే ఇంజను నా స్టేషన్లో ఎదురు రైలు కోసం పక్క లైనులో ఆగింది. ఖాళీగా ఉండి దాని చుట్టూ తిరిగాను. ముందు ముఖం మీద ఆమె చెప్పిన నంబరు ఉంది. డ్రైవరు కూర్చునే క్యాబిన్ పక్కన ఇంకో నంబరు, నా రిజిస్టర్లో ఎక్కినది, ఉంది. డ్రైవరును అడిగితే తేలిగ్గా చెప్పాడు. ఆ మధ్య గేదెను కొట్టి ముందు భాగం నలిగిపోయిందట. షెడ్డులో చక్రాలూడదీసి పడున్న పాత ఇంజను ముఖం ఊడదీసి దీనికి బిగించారట. నంబరు మార్చి రాయడానికి రంగు లేదట. ఆమె చూసింది నిజం, విన్నది నిజం. చచ్చిన ఇంజను ముఖం పెట్టుకుని ఉమ్మేది తిరుగుతోంది, అంతే. ఆ నిమిషం నాకు అంతా అర్థమైంది.

ఆ బల్ల ముందు ఆ రెండు ముక్కలు చెప్పి ఉంటే చాలు. కానీ సొంతూరికి బదిలీ కోరుతూ నేను పెట్టుకున్న అర్జీ అదే పెద్దమనిషి సంతకం కోసం ఎదురుచూస్తోంది. పిల్లల చదువులు, మా అమ్మ మందులు. ఇవన్నీ నిజమే. ఇవన్నీ చెప్పుకుంటే ఛీ అనిపిస్తుంది.

"నా రిజిస్టర్లో ఎక్కిన ఇంజను నంబరు వేరు సార్. అంతవరకే నాకు తెలుసు" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆమె నన్ను సంతలో అమ్మేవాడి ముఖం చూసినట్టు చూసింది.

"సరే సార్" అంది.

ఆ తర్వాత ఆమె నన్ను తమ్ముడా అనలేదు. సామాను ట్రాక్టరులో వేసుకుని పోయే రోజు కూడా, "పోయొస్తా సార్" అంది. గోడ మీది చెవులకు కొత్త గేటుమనిషి సున్నం కొట్టాడు. నా బదిలీ వచ్చింది. కొన్నేళ్లకు ఒక పెద్ద స్టేషన్లో చీపురు పట్టుకుని ఎదురుపడితే, "బాగుండారా సార్?" అని పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది. ఆ మర్యాదకు బదులు చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. నా రైలుకు ఇంకా గంట ఉన్నా ప్లాట్‌ఫారం చివరికి పోయి నిలబడ్డాను.

వార్త వచ్చిన నాలుగో రోజు ఆమె తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. మంద మార్కాపురం దిక్కున పట్టాల పక్క బీడులో దిగిందన్నారు. గొంగడి భుజాన వేసుకున్న ముసలాయన, ఒక తుమ్మచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. నీడ చెట్టుకు అటు, పట్టాల వైపు పడింది. అందులో గంపలున్నాయి, కింద పిల్లలు అరుస్తున్నాయి. నేను ఎవరో చెప్పి, మొత్తం చెప్పాను. గేదె, ఊడదీసిన ముఖం, రెండు నంబర్లు, నా బదిలీ. "మీ అక్క స్టవ్వు వల్ల కాదు" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"మా అక్క అప్పుడే చెప్పినాది సార్. నేను నమ్మలా. మసి ముక్కలు మాస్టరు కళ్లతో చూసినాడు, నీ జీవాల కోసం మంటలో పడినా నేను, పోయి ఆయన్నే అడుగు అన్నాది. వచ్చినా గద నీకాడికి."

నాకు గుర్తుంది. మరిచిపోయానని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. విచారణ అయిన వారానికి గొంగడి వేసుకున్న మనిషి ఒకడు టికెట్ల కిటికీ దగ్గర నిలబడి, "సార్, గేటుకాడ నిప్పు ఇంజందేనా?" అని అడిగాడు. తల ఎత్తకుండా చెప్పాను, అది ఆఫీసు విషయం, నాకు తెలీదు, పో అని.

"నాకు తెలీదంటివి" అన్నాడు ఆయన. "పోయి అక్కతో అదే అన్నా. మాస్టరు తెలీదన్నాడు, నువ్వు అబద్ధాలాడతాండావ్ అన్నా. మళ్లా ఆమె ఇంటికి పోలా. మొన్న పోయినా, మట్టి ఏసేదానికి."

ఆయన గొంతులో కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదైనా దొరికేది. అది కూడా లేదు.

అంతలో దూరంగా రైలు వస్తున్న చప్పుడు వినపడింది. ఆయన తల తిప్పి వింటున్నాడు. గంపల వైపు చూశాడు. లైనంతా కరెంటు తీగలు లాగేశారు, డీజిల్ ఇంజన్లన్నీ ఎటో పోయాయి, ఇంకెవరి నెత్తినో పడి ఉంటాయి. ఆయనకు ధైర్యం చెబుదామనిపించింది.

"ఇప్పుడన్నీ కరెంటు ఇంజన్లే అన్నా. నిప్పు పడదు. నేను చెబుతున్నాను కదా" అన్నాను.

ఆయన నా ముఖం ఒకసారి చూశాడు. లేచి, గొంగడి కింద పెట్టి, గంపల మీది రాళ్లు తీశాడు. రైలు వచ్చేలోపల ఒక్కొక్క గంపనే పట్టాలకు దూరంగా ఎండలోకి జరుపుకుంటూ పోయాడు.